ఖరీదైన ల్యాప్‌టాప్ కొన్నారా? వెనక్కిచ్చే గడువు దాటకముందే ఇలా పరీక్షించండి

కొన్నేళ్ల క్రితం ఎంతో ఇష్టపడి ఒక పల్చటి ల్యాప్‌టాప్ కొన్నాను. షోరూమ్‌లో చేతిలోకి తీసుకుంటే నోటుపుస్తకంలా తేలిగ్గా ఉంది. ఏ యాప్ నొక్కినా రెప్పపాటులో తెరుచుకుంది. ఇంటికి తెచ్చాక పది రోజులు మెయిళ్లు, బ్రౌజింగ్ తప్ప పెద్ద పనేమీ దానికి అప్పగించలేదు. పదకొండో రోజు నలభై నిమిషాల వీడియో ఒకటి ఎక్స్‌పోర్ట్‌కి పెట్టాను. మొదటి మూడు నిమిషాలు పరుగులు తీసింది. తర్వాత ఫ్యాన్ హోరు మొదలైంది, ప్రోగ్రెస్ బార్ నత్తనడక పట్టింది, కీబోర్డు పై వరస మీద వేళ్లు ఆన్చలేనంత వేడెక్కింది. వెనక్కి ఇద్దామని బిల్లు తీసి చూస్తే గడువు ముందురోజే అయిపోయింది. ఆ ల్యాప్‌టాప్‌తో మూడేళ్లు సర్దుకున్నాను.

అప్పటి నుంచి కొత్త ల్యాప్‌టాప్ ఏది వచ్చినా, నాదైనా స్నేహితులదైనా, మొదటి వారంలోనే ఒక పద్ధతి ప్రకారం పరీక్షిస్తున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. స్పీడు వేరు, మోసుకెళ్లే సౌకర్యం వేరు అనుకుంటాం. నిజానికి రెండూ వాట్లతో ముడిపడి ఉన్నవే. ప్రాసెసర్ ఎన్ని వాట్లు లాగితే అంత వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే లోపల రాగి గొట్టాలు, ఫ్యాన్లు, గాలి ఆడేంత చోటు ఉండాలి. వాటితో బరువు, మందం పెరుగుతాయి. అవే వాట్లు బ్యాటరీని కూడా ఖాళీ చేస్తాయి. అందుకే మొదటి నిమిషంలో ల్యాప్‌టాప్ ఎంత వేగంగా ఉందో చూసి మురిసిపోకండి. పదిహేనో నిమిషంలో, ఛార్జర్ తీసేసి, ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఎలా ఉందో చూడండి.

1. బాక్స్ తెరిచే ముందు మీ పనులు రాసుకోండి

కాగితం మీద రెండు వరసలు గీయండి. మొదటి వరసలో మీరు రోజూ చేసే పనులు: ముప్పై ట్యాబులు, ఒక పెద్ద స్ప్రెడ్‌షీట్, గంటసేపు వీడియో కాల్. రెండో వరసలో అప్పుడప్పుడైనా ల్యాప్‌టాప్‌కి చెమట పట్టించే పనులు: వీడియో ఎక్స్‌పోర్ట్, కోడ్ కంపైల్, వందల ఫొటోల ఎడిటింగ్, గేమ్. ప్రతి పనికీ పక్కన "ఎంతసేపు", "ప్లగ్ ఉంటుందా, ఉండదా" అని రాయండి.

ఈ కాగితం లేకపోతే పరీక్ష మొత్తం అంకెల వేటగా మారిపోతుంది. రోజంతా రాతపని చేసుకునే మనిషికి అరగంట లోడ్ (ఆగకుండా బరువైన పని పెట్టే) పరీక్షలో స్కోర్ 25 శాతం పడిపోయినా నష్టం లేదు. వీడియో ఎడిటర్‌కి మాత్రం అదే అసలు సంగతి.

2. చిప్ పేరు చూసి ఆగిపోకండి

ఒకే పేరున్న చిప్ రెండు ల్యాప్‌టాప్‌లలో రెండు రకాలుగా పనిచేస్తుంది. దాన్ని ఎన్ని వాట్ల దాకా వెళ్లనివ్వాలో నిర్ణయించేది ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4070 ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌నే తీసుకోండి. దాన్ని 35 వాట్ల నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చని ఎన్‌విడియానే చెబుతుంది. పల్చటి బాడీలో 50 వాట్లకు కట్టేసిన 4070 కంటే, గాలి బాగా ఆడే బాడీలోని 4060 (దానికంటే కింది మెట్టు చిప్) ఒక్కోసారి ముందుంటుంది. అందుకే స్పెసిఫికేషన్లలో "టీజీపీ" (గ్రాఫిక్స్ చిప్‌కి ఇచ్చే గరిష్ఠ వాట్లు) అనే అంకె కోసం వెతకండి. అది ఎక్కడా లేకపోతే కంపెనీని అడగండి.

ఇంటెల్ చిప్ అయితే పేరు చివరి అక్షరం చూడండి. యూ అంటే పొదుపు, హెచ్ అంటే బలం, హెచ్‌ఎక్స్ అంటే దాదాపు డెస్క్‌టాప్ ఆకలి. కోర్ అల్ట్రా 200 వరసలో వీ అని ఉంటే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే కలిసి వస్తుంది, 16 లేదా 32 జీబీ. తర్వాత పెంచుకునే దారి లేదు. ఆ మాటకొస్తే ఇప్పుడు పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. కొనే రోజే సరిపడా తీసుకోవాలి.

ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో ఈ బేరం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఎం4 చిప్ ఉన్న 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ బరువు 1.24 కిలోలు, దాంట్లో ఫ్యాన్ లేదు. అదే ఎం4 ఉన్న 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో 1.55 కిలోలు, దాంట్లో ఫ్యాన్ ఉంది. చిన్నచిన్న పనుల్లో రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం. లోడ్ చాలాసేపు సాగితే ఎయిర్ తనను తాను చల్లబరుచుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీరు అదనంగా మోసే 310 గ్రాములు ఫ్యాన్, పెద్ద బ్యాటరీ, మంచి స్క్రీన్ కోసం. మీ కాగితంలో రెండో వరస ఖాళీగా ఉంటే ఆ 310 గ్రాములు మోయాల్సిన పనిలేదు.

3. మొదటి రోజు ఏదీ కొలవొద్దు

కొత్త ల్యాప్‌టాప్ మొదటి రోజంతా వెనకాల ఏదో ఒక పనిలోనే ఉంటుంది. అప్‌డేట్లు దించుకుంటుంది, ఫైళ్లను ఇండెక్స్ చేసుకుంటుంది, ఫొటోలు సింక్ చేస్తుంది. ఆ రోజు బ్యాటరీ ఎంత వచ్చినా, ఫ్యాన్ ఎంత తిరిగినా లెక్కలోకి తీసుకోవద్దు. బయోస్ (ల్యాప్‌టాప్‌ని ఆన్ చేసే మూల సాఫ్ట్‌వేర్), డ్రైవర్ అప్‌డేట్లు అన్నీ అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేసి, రాత్రంతా ప్లగ్‌లో వదిలేయండి. ముందే వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ ఏదైనా ఉంటే తీసేయండి.

4. అసలు పరీక్ష: నిలకడ

దీనికి ఒక పూట కేటాయించండి. గట్టి, చదునైన బల్ల మీద పెట్టండి. పరుపు మీద, దుప్పటి మీద పెడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. గదిలో ఎంత వేడి ఉందో కూడా రాసుకోండి. 22 డిగ్రీల ఏసీ గదిలో వచ్చే ఫలితం 33 డిగ్రీల గదిలో రాదు. మీరు మామూలుగా పనిచేసే గదిలోనే పరీక్షించడం మంచిది.

ప్రాసెసర్ బలాన్ని కొలిచే సినీబెంచ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. ముందు ఒక్కసారి మాత్రమే నడిపి మల్టీ-కోర్ స్కోర్ (ప్రాసెసర్‌లోని కోర్లన్నీ కలిసి పనిచేస్తే వచ్చేది) రాసుకోండి. పది నిమిషాలు చల్లారనివ్వండి. తర్వాత దాంట్లోనే ఉన్న 30 నిమిషాల పరీక్ష పెట్టి, చివర్లో వచ్చే స్కోర్ రాసుకోండి. రెండో అంకెను మొదటి అంకెతో భాగించండి. 90 శాతం దాటితే కూలింగ్ చాలా బాగా చేశారని నేను లెక్కవేస్తాను. 80 దగ్గర ఉంటే పల్చటి ల్యాప్‌టాప్‌కి మర్యాదగానే ఉన్నట్టు. 70 కంటే కిందికి పోతే, మీ పనుల్లో ఎక్కువసేపు సాగేవి ఉంటే, వెనక్కి ఇవ్వడం గురించి ఆలోచించండి.

విండోస్‌లో అయితే పక్కనే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే, లోపలి వాట్లు, వేడి చూపించే ప్రోగ్రామ్ తెరిచి ఉంచండి. "సీపీయూ ప్యాకేజ్ పవర్" అనే వరస మీద కన్నేయండి. ఇది నాకు చాలా ఇష్టమైన దృశ్యం. ఉదాహరణకు మొదట 60 వాట్లు చూపిస్తుంది. అరనిమిషం గడిచేసరికి 45కి దిగుతుంది. ఫ్యాన్ శబ్దం మారుతుంది. మరికాసేపటికి 28 దగ్గరో 35 దగ్గరో కుదురుకుంటుంది. ఆ కుదురుకున్న అంకే మీ ల్యాప్‌టాప్ అసలు బలం. ముందు కనిపించిన 60 కాసేపటి విందు మాత్రమే. అంకె ఒకచోట నిలబడకుండా 20కి, 45కి మధ్య ఊగుతూ ఉంటే కూలింగ్‌కి, సెట్టింగులకి పొత్తు కుదరలేదని అర్థం. అలాంటి దాంట్లో గేమ్ ఆడితే మధ్యమధ్యలో తడబాటు కనిపిస్తుంది.

ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపించిందని మాత్రం టెన్షన్ పడకండి. ఇప్పటి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దాకా తట్టుకునేలానే తయారవుతున్నాయి. చిప్ వేడి కంటే మీ వేళ్లకు, తొడకు తగిలే వేడి ముఖ్యం. పరీక్ష ముగిసిన వెంటనే కీబోర్డు మధ్యలో, మణికట్టు ఆనే చోట, అడుగున చెయ్యి పెట్టి చూడండి. అడుగున ఐదు సెకన్లు కూడా చెయ్యి ఉంచలేకపోతే ఆ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పనిచేయడానికి పనికిరాదు.

గేమ్‌లు ఆడేవాళ్లు గ్రాఫిక్స్ బలం కొలిచే 3డీమార్క్ ప్రోగ్రామ్‌లో స్ట్రెస్ టెస్ట్ కూడా నడపాలి. అది ఒకే దృశ్యాన్ని 20 సార్లు తిప్పి, ఫ్రేమ్ రేటు ఎంత నిలకడగా ఉందో శాతంలో చెబుతుంది. 97 శాతం వస్తేనే పాస్.

ఈ బెంచ్‌మార్కులన్నీ (స్కోర్ ఇచ్చే పరీక్షలన్నీ) అయ్యాక మీ కాగితంలో రెండో వరసకు రండి. మీ సొంత వీడియో, మీ సొంత ప్రాజెక్ట్, మీ సొంత ఫొటోల ఫోల్డర్ తీసుకుని స్టాప్‌వాచ్ పెట్టి రెండుసార్లు వరసగా చేయండి. రెండోసారి పట్టిన సమయాన్నే నమ్మండి. నేను కొన్న ల్యాప్‌టాప్ మీద మొదటి రోజుల్లోనే ఈ ఒక్క పని చేసి ఉంటే మూడేళ్ల బాధ తప్పేది.

ఫైళ్లు దాచుకునే డ్రైవ్, అంటే ఎస్‌ఎస్‌డీ గురించి కొంచెం. కంపెనీలు చెప్పే సెకనుకు 7,000 ఎంబీ అనేది పెద్ద ఫైల్‌ని వరసగా చదివే వేగం, అది కూడా కొద్దిసేపే. 60, 70 జీబీ ఉన్న ఫోల్డర్‌ని అదే డ్రైవ్‌లో ఇంకో చోటికి కాపీ చేసి చూడండి. మధ్యలో వేగం ఒక్కసారిగా పడిపోతే డ్రైవ్‌లోని వేగవంతమైన క్యాష్ నిండిపోయిందన్నమాట. పెద్ద వీడియో ఫైళ్లతో పనిచేయనివాళ్లు దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

5. ఛార్జర్ పీకేసి మళ్లీ మొదటి నుంచి

ఈ అడుగు చాలామంది వదిలేస్తారు. మోసుకెళ్లడానికే కొన్న ల్యాప్‌టాప్‌ని గోడకు కట్టేసి పరీక్షిస్తే ఏం తెలుస్తుంది?

బ్యాటరీ 80 శాతం ఉన్నప్పుడు ఛార్జర్ తీసి, పవర్ సెట్టింగులు ఏవీ మార్చకుండా, సినీబెంచ్ ఒకసారి నడపండి. ప్లగ్ ఉన్నప్పటి స్కోర్‌తో పోల్చండి. ఆపిల్ చిప్‌లున్న మ్యాక్‌బుక్‌లలో తేడా దాదాపు ఉండదు. విండోస్ ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్నవాటిలో, వేగం బాగా పడిపోవచ్చు. గ్రాఫిక్స్ చిప్ కోరినన్ని వాట్లు బ్యాటరీ ఇవ్వలేదు. ప్రయాణంలో ఎడిటింగ్ చేసుకుందామని కొనేవాళ్లకు ఈ ఒక్క పోలికే నిర్ణయం చెప్పేస్తుంది.

6. బ్యాటరీని మీ పనితో కొలవండి

అట్ట పెట్టె మీద "20 గంటలు" అని ఉంటుంది. చాలాసార్లు అది వెలుతురు బాగా తగ్గించి, ఒక వీడియోనే మళ్లీ మళ్లీ ఆడించి తీసిన లెక్క. వీడియో చూపించడానికి చిప్‌లో ప్రత్యేక భాగం ఉంటుంది, అది చాలా తక్కువ కరెంటుతో పని కానిస్తుంది. మీ ముప్పై ట్యాబులకు ఆ లెక్క వర్తించదు.

లెక్క మీరే వేసుకోవచ్చు. బ్యాటరీ సామర్థ్యం వాట్-అవర్లలో ఉంటుంది. 70 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ మీ పనిలో సగటున 7 వాట్లు లాగితే పది గంటలు, 14 వాట్లు లాగితే ఐదు గంటలు. వీడియో కాల్ పెట్టగానే ఈ సగటు ఎలా పెరుగుతుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. కెమెరా, మైక్, నెట్, స్క్రీన్ అన్నీ ఒకేసారి పనిచేస్తాయి కదా.

పరీక్ష ఇలా చేయండి. 90 శాతం దగ్గర మొదలుపెట్టండి, ఎందుకంటే వంద దగ్గరి నాలుగైదు శాతం మీటర్ సరిగ్గా చూపించకపోవచ్చు. స్క్రీన్ వెలుతురు మీకు హాయిగా ఉండేలా పెట్టుకుని రెండు గంటలు నిజంగా పనిచేయండి, అందులో అరగంట వీడియో కాల్ ఉండేలా చూసుకోండి. రెండు గంటల్లో 22 శాతం తగ్గితే మొత్తం మీద తొమ్మిది గంటలు వస్తుందన్నట్టు. 40 శాతం తగ్గితే ఐదు గంటలే.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ నుంచి బ్యాటరీ రిపోర్ట్ తీయవచ్చు. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. రెండోది పదిశాతం తక్కువుంటే అమ్మినవాళ్లను అడగాల్సిందే.

విమానంలో తిరిగేవాళ్లకు ఒక హద్దు గుర్తుండాలి. 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీని చేతిసంచిలో ఎవరినీ అడక్కుండా తీసుకెళ్లవచ్చు. 100 నుంచి 160 మధ్య అయితే విమానయాన సంస్థ అనుమతి కావాలి. పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు సరిగ్గా 99 దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

7. ఒక రాత్రి మూత మూసి వదిలేయండి

పడుకునే ముందు బ్యాటరీ శాతం రాసుకుని, ఛార్జర్ లేకుండా మూత మూసేయండి. ఎనిమిది గంటల తర్వాత చూడండి. ఐదు శాతం లోపు తగ్గితే మామూలే. పదిహేను తగ్గితే నిద్రలో కూడా ఏదో పనిచేస్తోంది. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో నిద్ర అంటే పూర్తి నిద్ర కాదు, ఫోన్‌లా సగం మెలకువ. అందుకే కొన్ని బ్యాగులోనే మేల్కొని, గాలి ఆడక, బయటికి తీసేసరికి కాలిపోతూ ఉంటాయి. స్లీప్ స్టడీ అనే రిపోర్టు తీస్తే ఏ ప్రోగ్రామ్ లేపుతోందో తెలుస్తుంది. అప్‌డేట్లన్నీ వేసినా ఇది తగ్గకపోతే హైబర్నేట్ (పని డ్రైవ్‌లో దాచుకుని పూర్తిగా ఆగిపోయే పద్ధతి) పెట్టుకోవాలి. దాంతో సర్దుకుపోవడం మీకు ఇష్టం లేకపోతే వెనక్కి ఇచ్చేయండి.

8. తూకం వేయండి, అన్నీ కలిపి

వంటింటి తూకం ఉంటే చాలు. ముందు ల్యాప్‌టాప్ ఒక్కటే, తర్వాత ఛార్జర్, కేబుల్, మీకు తప్పనిసరైన అడాప్టర్, మౌస్ అన్నీ కలిపి. మీ భుజం మోసేది ఈ రెండో అంకెనే. 1.1 కిలోల ల్యాప్‌టాప్‌కి అన్నీ కలిపితే కిలోన్నర దాటడం మామూలు. గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే ఒక్క ఛార్జరే కిలో దాకా ఉండొచ్చు.

బరువు తగ్గించడానికి దగ్గరి దారి ఛార్జరే. యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ అయితే 65 వాట్ల చిన్న ఛార్జర్‌తో ఫోన్‌కీ దీనికీ కలిపి సరిపెట్టుకోవచ్చు. ఆ ఛార్జర్ కొనకముందే, ఎవరిదగ్గరైనా అలాంటిది తీసుకుని పెట్టి, పనిచేస్తూ గంటసేపు చూడండి. బ్యాటరీ శాతం పెరుగుతోందా, నిలబడిందా, తగ్గుతోందా? తగ్గుతుంటే ఆ చిన్న ఛార్జర్ దీనికి చాలదు.

మందం అంకెను అస్సలు నమ్మొద్దు. చాలా కంపెనీలు సన్నటి అంచు దగ్గర కొలిచి చెబుతాయి, అడుగునున్న రబ్బరు కాళ్లను వదిలేస్తాయి. మీ బ్యాగులో పెట్టి జిప్ వేసి చూడండి, అంతకంటే మంచి కొలత లేదు. తర్వాత ఆ బ్యాగ్ తగిలించుకుని అరగంట నడవండి. షోరూమ్‌లో రెండు చేతులతో పట్టుకున్నప్పటి బరువు వేరు, మెట్లెక్కేటప్పుడు భుజానికి తెలిసే బరువు వేరు.

9. కుర్చీలో, ఒళ్లో, కిటికీ పక్కన

ఒళ్లో పెట్టుకుని అరగంట టైప్ చేయండి. స్క్రీన్ ఊగుతోందా? ముందుకు బరువై జారుతోందా? టచ్‌ప్యాడ్ మూలల్లో కూడా ఒకేలా నొక్కుకుంటోందా? రాసేవాళ్లు కీబోర్డు మీద కనీసం వెయ్యి పదాలు టైప్ చేయకుండా నిర్ణయం తీసుకోకూడదని నా అభిప్రాయం. చిప్ ఎంత గొప్పదైనా వేళ్లు నొప్పెడితే ఎవరికి లాభం?

పగలు కిటికీకి వీపు పెట్టి కూర్చుని, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ పెట్టి చూడండి. మీ ముఖమే కనిపిస్తుంటే బయట పని కష్టం. ఇంట్లో 300, 400 నిట్స్ (స్క్రీన్ వెలుతురు కొలత) వెలుతురు సరిపోతుంది. ఎండ పడే చోట 500 పైన కావాలి, అయినా నిగనిగలాడే అద్దం ఉంటే ప్రతిబింబం వదలదు.

ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే) స్క్రీన్ అయితే ఇంకో చిన్న పరీక్ష. రాత్రి వెలుతురు బాగా తగ్గించి, ఫోన్ కెమెరాలో స్లో-మోషన్ వీడియో తీయండి. స్క్రీన్ మీద నల్లటి చారలు కదులుతూ కనిపిస్తే, అది వెలుతురు తగ్గించడానికి వేగంగా ఆరుతూ వెలుగుతోందని అర్థం. చాలామందికి దాంతో ఇబ్బంది ఉండదు. తలనొప్పి తొందరగా వచ్చేవాళ్లు మాత్రం దానిముందు వరసగా రెండు సాయంత్రాలు గడిపి చూసుకోవాలి.

ఆఖరున, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ల్యాప్‌టాప్ దగ్గర చెవి పెట్టండి. ఫ్యాన్ తిరగనప్పుడు కూడా సన్నగా కీచుమని వినిపిస్తోందా? కాయిల్ శబ్దం అంటారు దాన్ని. పనికి అడ్డు రాదు కానీ, ఒకసారి చెవిన పడ్డాక మర్చిపోలేం. అదే మోడల్ మరో పీస్‌లో ఉండకపోవచ్చు, కాబట్టి మార్పించుకోవడం న్యాయమే.

10. కాగితం ముందు పెట్టుకుని తేల్చుకోండి

వెనక్కిచ్చే గడువుకు రెండు రోజుల ముందు తేదీని కొన్నరోజే క్యాలెండర్‌లో అలారంతో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు మీరు రాసుకున్న రెండు వరసల పక్కన ఫలితాలు పెట్టండి. మొదటి వరసలో ఏ ఒక్క పనికి ఇబ్బంది పెట్టినా వెనక్కి ఇచ్చేయండి, రోజూ చేసే పని కాబట్టి ఆ ఇబ్బందీ రోజూ ఉంటుంది. రెండో వరసలో ఇబ్బంది ఉంటే, అది నెలకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి, ఆ గంటలకు బదులుగా మీకు దక్కే తేలికదనం విలువైనదేనా అని మీరే తేల్చుకోండి.

ఇచ్చేద్దామనుకుంటే ముందు మీ ఫైళ్లు బయటికి తీసుకుని, అన్ని అకౌంట్ల నుంచి సైన్ అవుట్ అయి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. స్కోర్ల స్క్రీన్‌షాట్లు, బ్యాటరీ రిపోర్టు ఫోన్‌లోకి పంపుకోండి, లోపం ఏమిటని అడిగితే చూపించడానికి పనికొస్తాయి. పెట్టె, స్పాంజి, కేబుల్‌కి చుట్టిన చిన్న కాగితం ముక్కతో సహా ఎలా వచ్చిందో అలా సర్ది పెట్టండి.